లాంచీ అడుగున గొంగడి

శ్రీశైలం డ్యాం నీళ్లలో మా అత్తగారి ఊరు మునిగిపోయింది. పొలం పోయాక మా మామ పాత లాంచీ ఒకటి తెచ్చి, కృష్ణ మీద జనాన్ని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు చేరవేస్తూ ముప్పై ఏళ్లకు పైగా బతికాడు. నేను పెళ్లికూతురిగా వచ్చింది కూడా అందులోనే. తెలంగాణ వచ్చిన కొన్నాళ్లకు నా భర్త హైదరాబాద్‌లో పనికి కుదిరాడు. తాడు విసరడం, లాంచీ అడుగున ఊరే నీళ్లు తోడటం నా వంతయ్యాయి.

ఒక ఎండాకాలం నీళ్లు బాగా తగ్గాయి. మునిగిన ఊరి మొండిగోడలు పైకి కనిపించేవి కావు గానీ జానెడు లోతులోనే ఉండేవి. మామ వాటిని తప్పించి చుట్టూ తిప్పి నడిపేవాడు. ఆ మధ్యాహ్నం కర్నూలు ఒడ్డు నుంచి వస్తున్నాం. సంతకు పోయేవాళ్లతో పాటు ఒక గొర్రెలకాపరి, కాన్పుకు పుట్టింటికి వస్తున్న నిండు చూలాలు ఎక్కారు. నడిమధ్యకు వచ్చేసరికి గాలి లేచి లాంచీని పక్కకు నెట్టింది. అడుగున ఏదో గీరుకున్న చప్పుడు. నా కాళ్ల దగ్గర పలక విచ్చుకుని నీళ్లు చిమ్మాయి.

జనమంతా లేచి ఒక పక్కకు ఉరికారు. లాంచీ అటే ఒరిగింది.

"కూసోండ్రి! ఎక్కడోళ్లు అక్కడ్నే కూసోండ్రి!" మామ అరిచాడు.

ఎవరూ వినలేదు. చూలాలు కడుపు పట్టుకుని నట్టనడుమ, ఆ నీళ్లలోనే చతికిలబడింది. "నేను కూసున్న. నాకన్న భయమా మీకు?" అంది. ఒక్కొక్కరే కూర్చున్నారు.

నా పైటకొంగు చీలికలో కుక్కాను. నిలవలేదు. కాపరి భుజం మీది గొంగడి లాగి నా చేతికిచ్చాడు.

"గిది పెట్టక్కా. తడిస్తే ఉబ్బుతది."

దాన్ని దోపి, రెండు కాళ్లతో తొక్కిపట్టి నిలబడ్డాను. అయినా నీళ్లు సన్నగా వస్తూనే ఉన్నాయి. కాపరి బకెట్‌తో తోడిపోస్తున్నాడు.

"మామా, ఇంజన్ ఆగనియ్యకు!"

"ఆగనియ్య బిడ్డా. నువ్వు కాలు దియ్యకు."

ఒడ్డు కనిపిస్తోంది, దగ్గరకు మాత్రం రావడం లేదు. నా పిక్కలు తిమ్మిరెక్కాయి. చివరికి లాంచీ బురదలోకి దూసుకుపోయి ఆగింది. చూలాలు దిగి, ఒడ్డున ఎదురుచూస్తున్న తల్లిని పట్టుకుని ఏడుస్తూ, మధ్యలో నవ్వింది. కొద్దిరోజులకే ఆడపిల్ల పుట్టిందని కబురొచ్చింది.

మామ పలక మార్పించాడు గానీ మళ్లీ మనుషులను ఎక్కించుకోలేదు. జనం వచ్చి బతిమాలితే, "గా దినం పానాలు బచాయించినం. ఇంకోపారి గట్లనే అయితదని ఎట్ల నమ్మాలె?" అనేవాడు.

తర్వాత లాంచీ అమ్మేస్తే, పాత ఇనుము కొనేవాళ్లు వచ్చి ఇంజన్ విప్పారు. చూడలేక మామ ఇంట్లో కూర్చుంటాడనుకున్నాను. రోజంతా వాళ్ల పక్కనే ఉన్నాడు. తుప్పు పట్టిన రేకు చూపించి, "జర పైలం. చెయ్యి కోసుకుంటది," అన్నాడు.