ఒక్క ఓవర్ ఆగు

ఆపరేషన్ అయ్యాక మా అన్నయ్య నన్ను ఏదైనా అడగటం అదే మొదటిసారి. శనివారం మధ్యాహ్నం బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్ మెట్లు దిగుతుంటే మెసేజ్ వచ్చింది. "ఆ క్రికెట్ ఆట ఇంకా ఉందా? రేపు చర్చి అయ్యాక మీ వదినా నేనూ వస్తాం." నేను ఆటో కోసం చెయ్యెత్తుతూ, ఆలోచించకుండా, "ఉంది, రండి" అని కొట్టేశాను. ఆటో ఎక్కాక ఇంకోటి వచ్చింది. "నా గొంతు ఎట్టా ఉండేదో మర్చిపోతున్నా."

నల్లపాడులో మా ఇల్లు వచ్చేదాకా ఆ మాటనే చదువుకుంటూ కూర్చున్నాను. నాకు భయం వేసింది. ఉంది అన్నానే గానీ, ఆ ఆటను తెరిచి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తులేదు.

మా ఊళ్ళో ఈస్టర్ తర్వాత క్రికెట్ పోటీలు జరుగుతాయి. పత్తి కట్టె పీకేసిన చేను చదును చేసి, నాలుగు కొయ్యలు పాతి, మైక్ సెట్టు పెడతారు. ఆ మైకులో కామెంటరీ మా అన్నయ్యది. ఇంకెవడైనా పట్టుకుంటే ఆడేవాళ్ళే ఊరుకునేవాళ్ళు కాదు. బ్యాటు సరిగా పట్టుకోవడం రాని మనిషి, ఆడేవాళ్ళందరినీ నోటితో ఆడించేవాడు. డకౌట్ అయినవాడు కూడా తన మీద ఏం జోకు వేస్తాడా అని నవ్వుతూ బయటికొచ్చేవాడు.

నేను డిగ్రీ చదివే రోజుల్లో ఓ వేసవి సెలవుల్లో ఇద్దరం కలిసి ఆ పోటీని కంప్యూటర్లోకి ఎక్కించాం. అప్పటికే పాతబడిన ఓ క్రికెట్ ఆట ఉండేది. అందులో జట్ల పేర్లు, చొక్కాలు, మైదానాలు మార్చుకునే ప్యాచ్‌లు నెట్‌లో దొరికేవి. దేశాల పేర్లు తీసేసి మా ఊరి వీధుల పేర్లు పెట్టాను. ఇంగ్లీషు కామెంటరీ తీసేసి అన్నయ్య గొంతు పెట్టాను. ధర రాక ఆపుకున్న పత్తి మా ముందు గదిలో నడుము ఎత్తు ఉండేది. ఆ పత్తి మీద కూర్చుని మాట్లాడితే గోడలు తిరిగి పలకవు, గొంతు శుభ్రంగా వస్తుంది. ఆ సంగతి ఊరికే పత్తి మీద పడుకుని కబుర్లు చెప్పుకుంటుంటే తెలిసింది. అన్నయ్య మైకు పట్టుకుని పత్తిలో కూరుకుపోయి, లేని బంతుల్ని చూస్తూ అరిచేవాడు.

పోయినేడు డాక్టర్లు గొంతులో జబ్బు అని చెప్పి స్వరపేటిక తీసేశారు. ఇప్పుడు మెడ మీద చిన్న రంధ్రం, దాని మీద తెల్లటి గుడ్డ. చెప్పాల్సింది ఫోన్లో కొట్టి చూపిస్తాడు, లేదా చెప్పకుండా ఊరుకుంటాడు. ఊరుకోవడమే ఎక్కువ. ఆయన గొంతు ఇంకెక్కడా లేదా అని ఆస్పత్రి రోజుల్లో చాలా వెతికాను. పెళ్ళి వీడియో అంతా సినిమా పాటలు అతికించారు. పోటీల వీడియోల్లో ఈలలూ మైకు గరగరా తప్ప ఏమీ వినపడదు. వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపే అలవాటు లేదు, పని ఉంటే ఫోన్ చేసి అరిచేవాడు. మిగిలింది ఆ ఆట ఒక్కటే. అది నా ల్యాప్‌టాప్‌లో భద్రంగా ఉందన్న ధీమాతో ఉన్నాను.

ఇంటికొచ్చి చెప్పులు కూడా సరిగా విడవకుండా ల్యాప్‌టాప్ తెరిచాను. ఆట బొమ్మ మీద నొక్కితే ఓ చిన్న పెట్టె వచ్చింది. ఏదో డీఎల్ఎల్ ఫైలు కనపడటం లేదు, కాబట్టి మొదలుపెట్టలేను అంది. నెట్‌లో ఆ పేరు కొడితే, ఆ ఒక్క ఫైలూ మేమిస్తాం తీసుకోండి అని ముక్కూ మొహం తెలియని సైట్లు బారులు తీరాయి. అలా తెచ్చుకుంటే ఫైలుతోపాటు వైరస్ కూడా వస్తుందని కింద జనం మొత్తుకుంటున్నారు. పాత ఆటలకు కావలసిన బొమ్మల సామగ్రి కొత్త విండోస్‌లో ఉండదట, అసలు కంపెనీ ఇచ్చే పాత ప్యాకేజీ మొత్తం వేసుకోవాలట. వేశాను. ఆ పెట్టె పోయింది, ఇంకో పెట్టె వచ్చింది.

ఈసారి ప్యాచ్‌ని నడిపించే ఫైలే లేదంది. వెతగ్గా వెతగ్గా అది యాంటీవైరస్ జైల్లో దొరికింది. ఊరూ పేరూ తెలియని ఫైలు కదా అని దొంగను పట్టినట్టు పట్టి లోపలేసింది. "నీ మొహం తగలెయ్య, అది మావాడేనే" అని గట్టిగానే తిట్టి విడిపించాను. ఈ ఫోల్డర్ జోలికి రావద్దని దానికి సెట్టింగుల్లో చెప్పాను. మళ్ళీ నొక్కాను.

మూడో పెట్టె వచ్చింది. కామెంటరీ ఫోల్డర్లో ఫైళ్ళు లేవు.

ఫోల్డర్ తెరిచాను. ఖాళీ. తెల్లటి కాగితంలా ఉంది. చెత్తబుట్టలో చూశాను, యాంటీవైరస్ జైల్లో మళ్ళీ చూశాను, ల్యాప్‌టాప్ మొత్తం వెతికించాను. పాత కంప్యూటర్ హార్డ్ డిస్క్ టకటకమని కొట్టుకుని ఎప్పుడో చచ్చిపోయింది. చచ్చేముందు ఇందులోకి ఎక్కించుకున్నదే ఇది. ఆట పోతే మళ్ళీ దొరుకుతుంది, ప్యాచ్ పోతే ఎవడో ఒకడు నెట్‌లో పెట్టి ఉంటాడు. మా అన్నయ్య గొంతు ఏ సైటులోనూ దొరకదు. రేపు ఆయన వచ్చి ఈ కుర్చీలో కూర్చుంటే ఏం చెప్పాలి? రెండోసారి కూడా పోయిందని చెప్పాలా?

మంచినీళ్ళు తాగొచ్చి, ఊరికే ఆ ఖాళీ ఫోల్డర్‌నే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు కనపడింది దాని పక్కనున్న తేదీ. ఫోల్డర్లో చివరిసారి మార్పు జరిగింది అన్నయ్య గుంటూరు ఆస్పత్రిలో ఉన్న రోజుల్లో. అప్పుడు వదిన నా దగ్గరే ఉంది. ఖాళీగా ఉన్నప్పుడు ఈ ల్యాప్‌టాప్‌లోనే తన చిప్పులోకి, అదే మెమరీ కార్డులోకి, క్రైస్తవ పాటలు ఎక్కించుకునేది.

వదినకు ఫోన్ చేశాను. మిరపకాయలు కోతల మీదున్నాయి, చేలో ఉంటుందని తెలుసు. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఏందమ్మాయ్, ఈ ఏళప్పుడు?"

నేను నోరు తెరిచేలోగా ఆమె వెనక నుంచి ఓ గొంతు వినపడింది. "కొట్టాడు! మిరప కల్లంలో పడింది బంతి! తుమ్ముకుంటా పోయి తెచ్చుకోండ్రా!" ఆడవాళ్ళు పకపకా నవ్వారు.

క్షణం సేపు, నిజంగానే, అన్నయ్య చేలో నిలబడి మాట్లాడుతున్నాడు అనుకున్నాను. ఫోన్ పట్టుకుని ఏడ్చేశాను.

"వదినా, అది నీ దగ్గరుందా?"

గొంతు టక్కున ఆగిపోయింది. కాయలు కోసేటప్పుడు చెట్టుకు తగిలించుకునే చిన్న రేడియో డబ్బా ఉంటుంది, చిప్పు పెడితే పాడుతుంది. దాన్ని ఆపేసినట్టుంది. గట్టు మీదికి నడిచొచ్చి మెల్లగా మాట్లాడింది.

"నేనే తీసుకున్నానమ్మాయ్. పొద్దున్నే ఆపరేషనన్నారు. ముందురోజు నువ్వు క్లాసుకు పోయినప్పుడు తీసుకున్నా."

"తీసుకుంటే తీసుకున్నావు, కాపీ చేసుకోవచ్చుగా! కట్ చేశావెందుకు? ఇక్కడ ఒక్కటీ లేదు!"

"కాపీ అంటే జిరాక్సేగా?" అంది వదిన. "ఆధార్ కార్డు జిరాక్సు చూడు, మీ అన్నయ్య మొహం మసిబొగ్గు. గొంతు కూడా అట్టా మసగ్గా వచ్చిద్దేమోనని అసలుదే తీసుకున్నా. నీ దగ్గర జిరాక్సు ఉండిపోద్దిలే అనుకున్నా."

కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది, అన్నిటికీ మించి ప్రాణం లేచొచ్చింది. ఆట పెట్టమని అన్నయ్యే అడిగిన సంగతి చెప్పి, చిప్పు జాగ్రత్త, తడవనివ్వకు, దుమ్ము పడనివ్వకు, ఎవరికీ ఇవ్వకు అని చంటిపిల్లకు చెప్పినట్టు చెప్పాను. ఆమె మాత్రం ఒకటే మాట పట్టుకుంది.

"మీ అన్నయ్యకు చెప్పమాక. ఆయన ముందు నేనెప్పుడూ పెట్టలా. వింటే గుండె పగిలిద్దేమోనని భయం. ఆయనే అడిగాడంటే నాకు నమ్మబుద్ధి కావట్లా."

ఆదివారం చర్చి అయ్యాక బండి మీద వచ్చారు. అన్నయ్య తెల్లచొక్కా వేసుకుని, మెడగుడ్డ కొత్తది కట్టుకుని, వచ్చీ రాగానే ల్యాప్‌టాప్ ముందు కుర్చీలో కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం వచ్చినవాడిలా ఉన్నాడు. ఛార్జింగ్ లేదు, కాస్త ఆగు అని ల్యాప్‌టాప్‌ను వంటింట్లోకి ఎత్తుకుపోయాను. వదిన కొంగుముడి విప్పి చిప్పు చేతిలో పెట్టింది. గోరంత కూడా లేదు. దానికి కూడా మిరప ఘాటు పట్టిందేమో, తుమ్ము వచ్చింది.

ఫైళ్ళు కనపడ్డాయి. కాపీ చేసి ఫోల్డర్లో పడేశాను. ఆట నొక్కాను. మళ్ళీ పెట్టె. డ్రింక్స్ అనే ఫైలు లేదంది.

"వదినా, ఇంకోటుండాలి."

వదిన గిన్నెలు సర్దుతూ ఇటు తిరగలేదు.

"డ్రింక్స్ బ్రేక్‌లో వచ్చేది. నువ్వు అన్నానికి పిలిచినప్పుడు ఆయన అన్నది, పొరపాటున రికార్డయితే నవ్వులాటకి నేనే పెట్టాను చూడు, అది."

"ఆ ఒక్కటి లేకపోతే ఆడదా?"

"ఆడదు. ఒక్కటి తగ్గినా తలుపు తియ్యదు. దాని తత్వమే అంత."

హాల్లోంచి అన్నయ్య కుర్చీ చేతి మీద వేళ్ళతో టక్‌టక్‌మని కొట్టాడు. తొందర పెట్టడానికి ఆయనకిప్పుడు అదే మాట.

వదిన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అది డబ్బాలో పెట్టలేదమ్మాయ్. నా ఫోన్లో దాచుకున్నా. మిగతావన్నీ ఊరికి చెప్పినవి. అది నాకు చెప్పింది. అది కూడా ఇచ్చేస్తే నాకేం ఉంటది?"

"పిచ్చిదానా, ఇది జిరాక్సు కాదు. ఇచ్చినా నీది నీ దగ్గరే ఉంటుంది." ఆమె నమ్మలేదు. ఫోన్‌కు వైరు పెట్టి కాపీ చేశాను. శబ్దం బాగా తగ్గించి ముందు ఫోన్లోది, తర్వాత ల్యాప్‌టాప్‌లోది ఆమె చెవి దగ్గర పెట్టి వినిపించాను. నగల కొట్టులో బంగారం గీసి చూసినట్టు రెండూ మళ్ళీ మళ్ళీ వింది. చివరికి "అదే" అంది. పైటచెంగుతో కళ్ళు తుడుచుకుంది.

ల్యాప్‌టాప్ హాల్లోకి తెచ్చి అన్నయ్య ముందు పెట్టాను. ఈసారి ఏ పెట్టె వస్తుందో అనుకుంటూనే నొక్కాను. తెర నల్లబడింది. నల్లగానే ఉంది. అయిపోయింది, ఇంక మన వల్ల కాదు అనుకునేంతలో పచ్చటి మైదానం వచ్చింది. మా చర్చి వీధి జట్టూ బస్టాండు జట్టూ వరసగా నిలబడ్డాయి.

నేను ఆడుతున్నాను, అన్నయ్య చూస్తున్నాడు. తొలి బంతికే గొంతు లేచింది, బొంగురూ చురుకూ కలిసిన పాత గొంతు. అన్నయ్య ముందుకు వంగాడు. ఆ తర్వాత కదల్లేదు. నేను ఆయన మొహం వైపు చూడటానికి భయపడి తెరనే చూస్తూ ఆడాను. ఏడిస్తే ఆపేయాలా, ఆపకూడదా అన్నదే నా మనసులో తిరుగుతోంది. ఆయన ఏడవలేదు. కష్టమైన లెక్క వినేవాడిలా, తల ఓ పక్కకు వాల్చి విన్నాడు.

డ్రింక్స్ బ్రేక్ వచ్చింది. ఆటగాళ్ళంతా మధ్యలోకి చేరారు. పత్తి గదిలోంచి, మైకు పక్కకు తిప్పి, పెళ్ళయి ఏడాది కూడా కాని అన్నయ్య అన్నాడు. "వస్తన్నానే! ఒక్క ఓవర్ ఆగు!"

"ఎప్పుడు చూడు ఇదే మాట! అన్నం చల్లారిపోద్ది, రా!" అంది వదిన వంటింటి గుమ్మంలోంచి.

అంత గబుక్కున అందంటే, ఫోన్లో ఆ గొంతు విన్నప్పుడల్లా రోజూ అంటున్నదే అన్నమాట. అన్నాక గానీ ఆయన ఎదురుగా ఉన్నాడని ఆమెకు గుర్తురాలేదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అలాగే నిలబడిపోయింది.

అన్నయ్య వెనక్కి తిరిగి ఆమెను చూశాడు. ఆమె చేతిలో ఉన్న ఫోన్‌ను చూశాడు. ఏం అర్థమైందో గానీ భుజాలు కదలడం మొదలైంది. మెడగుడ్డ కింద నుంచి గాలి బుస్సుబుస్సుమని వస్తోంది. భయపడి లేవబోయాను. కాదు, నవ్వుతున్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన నవ్వు ఎలా ఉంటుందో మాకెవరికీ తెలియదు, అదే మొదటిసారి వినడం.

నవ్వుతూనే వదిన వైపు చూపుడువేలు ఎత్తి చూపించాడు. ఒక్కటి.

"సరే, ఒక్కటే" అంది వదిన. వచ్చి ఆయన పక్కన కూర్చుంది.