గోవిందమ్మ కాపలా

గోవిందమ్మ కన్నబిడ్డ పంకజం, పెంచిన బిడ్డ జయరామ్. పంతొమ్మిది వందల యాభై ఆరులో తొండియార్‌పేట ఇంట్లో ఆమె వాళ్లిద్దరికీ కాసిన కాపలా చూస్తే హార్బరు గేటు జవాను కూడా సిగ్గుపడి ఉండేవాడు. ఈ అనుమానం ఆమెకు పుట్టుకతో రాలేదు. తన పెళ్లే నేర్పింది.

మొగుడు వెంకటపతి ఆమెకు సొంత మేనమామ, తల్లికి తమ్ముడు. చంకనెత్తుకుని తిరువొత్తియూరు తేరు చూపించినవాడు, ముక్కు కారితే పంచె కొంగుతో తుడిచినవాడు. "నీ మొగుడు వస్తా ఉండాడే" అని వీధిలో ఆడవాళ్లు ఎగతాళి చేస్తే ఆమె కూడా నవ్వేది. పెళ్లీడు వచ్చాక ఆ ఎగతాళే నిజమైంది. పీటల మీద ఆయన పక్కన కూర్చుని తల ఎత్తలేదు. పెళ్లయ్యాక కొన్నాళ్లు ఆయన కంటబడకుండా తప్పించుకు తిరిగింది. తర్వాత అలవాటైంది. నూనె మండీలో పని చేసే ఆ మనిషి ఆమెను ఒక్క మాట అన్నవాడు కాడు. మామ మొగుడైతే ఎలా అని ఎవరైనా అడిగి ఉంటే, వీళ్లకు మతి లేదు పాపం అనుకునేది.

చాలా ఏళ్లు కడుపు పండలేదు. అప్పుడు వెంకటపతి చెల్లెలు కమలాంబ తన రెండో కొడుకు జయరామ్‌ను తెచ్చి గోవిందమ్మ ఒళ్లో పెట్టింది. ఈ కమలాంబ ఆమెకు పిన్నమ్మా, ఆడబిడ్డా కూడా. మామను చేసుకున్న ఇళ్లలో చుట్టరికాలు అలాగే పెనవేసుకుంటాయి, ఎవరూ తల బద్దలు కొట్టుకోరు. పిల్లవాడు వచ్చిన వేళ మంచిది కాబోలు, కొన్నేళ్లకు పంకజం పుట్టింది.

వెంకటపతి పోయిన మరుసటేడు పెళ్లిళ్లకు కొత్త చట్టం వచ్చింది. వకీలు దగ్గర గుమాస్తాగా చేసే ఎదురింటి శేషాద్రి పేపరు చదివి వీధికంతా వినిపించేవాడు. మేనమామ మేనకోడలిని చేసుకోకూడదట. తరతరాల ఆచారం ఉన్నవాళ్లకు మాత్రం మినహాయింపట. గోవిందమ్మకు ఒళ్లు మండింది. తను చేసిన కాపురం ఢిల్లీలో ఎవరో దయతలచి వదిలేసిన తప్పా? దత్తుడు ఆ ఇంటి ఆడపిల్లకు తోబుట్టువే అని కూడా శేషాద్రి అన్నాడు. అందులో కొత్తేముందని ఆమె పట్టించుకోలేదు.

కొత్తది కమలాంబ తెచ్చింది. ఒక శుక్రవారం ఆకువక్కలు, పూలు పట్టుకుని మాధవరం నుంచి వచ్చి, పంకజాన్ని జయరామ్‌కు చేద్దామంది. హోమం చేసిందెప్పుడు, అయ్యవారిని పిలిచిందెప్పుడు, బిడ్డను ఒళ్లో పెట్టడం కూడా ఒక దత్తతేనా అంది. దత్తత లేదనుకుంటే తండ్రి వైపు నుంచి బావ, తల్లి వైపు నుంచి మేనమామ, ఎటు చూసినా వాడు పంకజానికి వరసైనవాడే.

"మామను చేసుకున్నదానివి, నీకు నేను చెప్పాల్నా?" అంది.

గోవిందమ్మ ఆలోచించి చెబుతానని పంపేసింది. ఇచ్చిన కొడుకును ఈ దారిన వెనక్కి లాక్కుంటోందని ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత వచ్చిన అనుమానం ఇంకా పాడుది. ఈమెకు ఇంత ధైర్యం ఎక్కడిది? పిల్లలే అడిగించి ఉంటే? చంకనెత్తుకున్నవాడు మొగుడు కావడానికి ఒక్క పూట చాలునని ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు!

ఇక చూడాలి ఆమె అవస్థ. జయరామ్ పెరంబూరులో రైలు పెట్టెల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వస్తూ దేవుడి పటానికీ చెల్లెలికీ మల్లెపూలు తేవడం ఎప్పుడూ ఉన్నదే. ఇప్పుడు ఎవరి దండ పొడుగో ఆమె పక్కపక్కన పెట్టి చూసింది. వాళ్లు నవ్వితే ఎందుకని నిలదీసింది, నవ్వకపోతే ఏదో దాస్తున్నారనుకుంది. వసారాలో మాటలు వినబడితే పని లేకపోయినా చీపురు పట్టుకుని బయటికి వచ్చేది. శేషాద్రి దగ్గరకు వెళ్లి, మాకు తెలిసినవాళ్లింట్లో అని మొదలుపెట్టి, హోమం లేని దత్తత చెల్లుతుందా అని అడిగింది. మీ కులంవాళ్లకు హోమం అక్కరలేదమ్మా, బిడ్డను చేతికిచ్చి చేత్తో పుచ్చుకుంటే చాలునన్నాడు ఆయన. ఇల్లు చేరేసరికి ఆ ధైర్యమూ పోయింది. చట్టం ఒప్పుకోకపోతే మనసులు ఊరుకుంటాయా?

ఒక సాయంత్రం గుడికి పోయి వచ్చేసరికి పెరట్లో పంకజం ఏడుస్తోంది. జయరామ్ దాని తల మీద చెయ్యి వేసి ఏదో చెబుతున్నాడు. ఆమెను చూసి ఇద్దరూ మాట ఆపేశారు.

"ఎన్నాళ్లుగా నడస్తా ఉంది ఇది?" అంది గోవిందమ్మ.

ఆమె అడుగుతున్నదేమిటో జయరామ్‌కు వెంటనే బోధపడలేదు. బోధపడ్డాక ముఖం పాలిపోయింది. కమలాంబ ఫ్యాక్టరీ గేటు దాకా వచ్చి పెళ్లి మాట ఎత్తిందనీ, ఇంకోసారి అంటే మీ గడప తొక్కనని చెప్పి పంపేశాననీ చెప్పాడు. ఆమె తల్లి ఇంట్లో లేని వేళ చూసి వచ్చి పంకజం చెవిన కూడా వేసిందట. పిల్ల అసహ్యంతో ఏడుస్తోంది.

"దీన్ని ఎత్తుకొని పెంచినాను కదమ్మా నేను" అన్నాడు.

"మీ నాయన కూడా నన్ను ఎత్తుకొని పెంచినాడు."

జయరామ్ పంకజం తల మీంచి చెయ్యి తీసేశాడు.

"నిన్ను ఎత్తుకున్నప్పుడు ఊరంతా ఆయన్ని నీ మొగుడని చెప్పిందంట. ఇది పుట్టినప్పుడు నా చేతిలో పెట్టి, నీ చెల్లెలురా అని చెప్పింది నువ్వు. నాకు తెలిసిన చట్టం అదొక్కటే."

గోవిందమ్మ బావురుమంది. వాడు తన కొడుకే, చెయ్యి జారిపోలేదు. ఇన్నాళ్లూ వాణ్ణి అలా చూసిన కళ్లను పొడుచుకోవాలనిపించింది. ఆ సంబంధం ఊసు ఇక ఎత్తవద్దని మర్నాడు తెల్లవారగానే కమలాంబకు కబురు పంపింది. నెల రోజుల్లో మొదటిసారి నిశ్చింతగా, చిక్కగా కాఫీ కలిపి, వసారాలో ఉన్న అన్నకు ఇచ్చి రమ్మని పంకజం చేతికి లోటా అందించింది.

పంకజం పైట భుజాల నిండా కప్పుకుని తలుపు చాటున నిలబడి ఉంది. లోటా అందుకోలేదు.

"నువ్వే ఇయ్యమ్మా" అంది.

గోవిందమ్మే తీసుకెళ్లింది. జయరామ్ ఆమె వెనక తలుపు వైపు ఒకసారి చూసి, తల దించుకుని తాగాడు. పెరంబూరులో స్నేహితుల గదిలో ఒక చోటు ఖాళీగా ఉందనీ, పనికి దగ్గరనీ చెప్పాడు. ఉండిపోరా అనబోయి, ఎప్పుడు పోతావని అడిగింది గోవిందమ్మ.