రేపల్లె కాటా, మూడు నలభై విమానం

రేపల్లె బస్టాండు ఎదురుగా, చెప్పుల కొట్టుకీ సెల్‌ఫోన్ కొట్టుకీ మధ్య, మంచం వేస్తే మనిషికి చోటుండనంత గది ఒకటుంది. దాని మీద ‘తీరం ఎయిర్’ అని నీలం బోర్డు. రైలు పట్టాలే ఆగిపోయిన ఊళ్లో విమానం ఆఫీసేమిటని మొదట్లో నవ్వని వాళ్లు లేరు. ఆ గదిలో నాలుగేళ్లుగా కూర్చుంటున్న మనిషి రామాంజి. యాభై ఎనిమిదేళ్లుంటాయి. ఊళ్లో అందరూ విమానం రామాంజి అంటారు గానీ, ఆయన విమానం ఎక్కిన పాపాన పోలేదు.

కంపెనీ కూడా పెద్దదేం కాదు. పంతొమ్మిది సీట్ల విమానాలు రెండు పెట్టుకుని ఆరేళ్ల కిందట మొదలైంది. చిన్న ఊళ్ల జనాన్ని పోగుచేసి గన్నవరం నుంచి హైదరాబాదు చేర్చి, అక్కడ పెద్ద విమానాలకు అందించడం దాని పని. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కౌంటర్లు పెట్టారు. సామాను ఇక్కడే తూచి, చీటీ కట్టి, మనుషులతో పాటు వ్యాన్లో పంపిస్తారు. ఇక్కడ రాసిన బరువే విమానం దాకా చెల్లుతుంది. గన్నవరంలో తనిఖీ ఉంటుంది గానీ మళ్లీ తూకం ఉండదు. ఆ నమ్మకం మీదే కంపెనీ బండి నడుస్తోంది.

రామాంజికి ఆ ఉద్యోగం వచ్చింది కూడా తూకం వల్లే. ఇరవై ఏడేళ్లు రైసుమిల్లులో కాటా గుమాస్తా. మిల్లు మూతపడ్డాక ఆ వయసు మనిషికి పని ఇచ్చేవాడు లేక, ఏడాది పాటు ఇంటి అరుగు మీద పేపరు చదువుతూ గడిపాడు. భార్య దుర్గాభవాని పైకి ఏమీ అనేది కాదు, కానీ పేపరు తీసుకోవడం మానేద్దామా అని ఒకరోజు అడిగింది. ఆ మాట ఆయనకి బాగా తగిలింది. తెనాలి మేనేజరు ప్రకాశరావు పిలిచి ఈ కుర్చీ ఇచ్చినప్పుడు, కంపెనీ ఇచ్చిన నీలం చొక్కా తొడుక్కుని అద్దం ముందు పావుగంట నిలబడ్డాడు.

ఆ మే నెల బుధవారం రేపల్లె కౌంటరుకి పెద్ద రోజు. సీట్లు నిండని రోజుల్లో ఇక్కడి నుంచి కూడా సరుకు వేసుకోవాలని కంపెనీ నిర్ణయించింది. మొదటి సరుకు నిజాంపట్నం దేవసహాయం రొయ్యలు. పద్నాలుగు థర్మాకోల్ పెట్టెలు. ఇన్నాళ్లూ అతను తెనాలి దాకా ఆటోలో మోసుకెళ్లి అక్కడ బుక్ చేసేవాడు. రామాంజి ఒక్కొక్క పెట్టెనీ స్వయంగా కాటా మీద పెట్టి, అందమైన అక్షరాలతో రాసి, డ్రైవరు జాన్సన్‌కిచ్చి పదకొండు గంటలకు వ్యాను పంపించాడు.

మూడుంబావుకి దేవసహాయం రసీదు పట్టుకుని వచ్చాడు.

“బాబాయ్, ఇదేంటి? రెండొందల ఎనభై కిలోలే రాశావు. తెనాలోళ్లు ఇన్నే పెట్టెలకి నాలుగొందలు దాటించేవాళ్లు.”

రామాంజి గర్వంగా నవ్వాడు. “పెట్టెకి ముప్పై ఒకటి తూగింది. మంచుకీ పెట్టెకీ పదకొండు తరుగు తీశాను. రొయ్యలు ఇరవై. తూకం తెలిసినోడికీ తెలియనోడికీ అదేరా తేడా.”

“నా బేరానికైతే అంతే బాబాయ్. మరి విమానం ఆ మంచుని మొయ్యదా ఏంటి?”

రామాంజి మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. మిల్లులో గోనెకీ తేమకీ తరుగు తీయకుండా ఒక్క బస్తా రాసిన చెయ్యి కాదది. సూట్‌కేసులకి తరుగుండదు కాబట్టి నాలుగేళ్లూ తప్పు జరగలేదు. ఇవాళ పెట్టెలు కనపడగానే చెయ్యి తన పాత పని తాను చేసుకుపోయింది. పద్నాలుగు పదకొండ్లు నూట యాభై నాలుగు. అదంతా విమానం తోక దగ్గరి అరలో ఉంది. అక్కడ బరువెక్కితే ముక్కు పైకి లేచిపోతుందనీ, పైలట్ చేతికి లొంగదనీ ట్రైనింగులో చెప్పిన మాట ఇప్పుడు గుర్తొచ్చింది.

మూడు నలభైకి విమానం. గోడ గడియారంలో మూడూ ఇరవై.

గన్నవరంలో బరువుల లెక్క వేసే అమ్మాయి మేధ. ఆమెకి ఫోను చేశాడు. మోగుతూనే ఉంది, ఎత్తలేదు. విమానం దగ్గరికి వెళ్లేటప్పుడు ఫోను ఆఫీసులో పెట్టి వెళ్తుంది. మళ్లీ చేశాడు. లాభం లేక తెనాలి ప్రకాశరావుకి చేసి, గడగడా విషయం చెప్పాడు.

“నూట యాభై కిలోలంటే ఇద్దరు మనుషులండీ. అంతదానికి విమానం ఆపుతారా ఎవరైనా?” అన్నాడు ప్రకాశరావు. “మొదటి రోజే ఇలా అని తెలిస్తే మీ కౌంటరు మూసేస్తారు. మీకు ఉద్యోగం ఇప్పించినందుకు నా పరువు కూడా పోతుంది. ఎవరికీ చెప్పకండి. రేపటి నుంచి సరిగ్గా రాయండి, సరిపోతుంది.”

“సార్, పొద్దున సుబ్బరత్నమ్మ గారు మన వ్యాను ఎక్కారండీ. కంటి ఆపరేషన్‌కి. విమానంలో పన్నెండు మంది—”

“ఏం కాదు రామాంజి గారూ. నా మాట వినండి.” ఫోన్ పెట్టేశాడు.

రామాంజికి ఒక్క క్షణం ఆ మాట వినాలనే అనిపించింది. ఏం కాకపోవచ్చు. ఏం కాకపోతే ఎవరికీ తెలియదు. చొక్కా ఒంటి మీదే ఉంటుంది. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. వెంటనే జాన్సన్‌కి ఫోన్ చేశాడు.

“ఎక్కడున్నావు?”

“ఎయిర్‌పోర్టు బయట టీ తాగుతున్నానండి.”

“గ్లాసు పారేసి గేటు దగ్గరికి పరిగెత్తు. విమానం బరువు తప్పు, ఆపమని చెప్పు. మేధమ్మకి చెప్పించు.”

ఫోన్‌లో జాన్సన్ ఆయాసం వినపడుతోంది. గార్డు టికెట్టు లేనిదే పంపనంటున్నాడు. జాన్సన్ బతిమాలాడు, అరిచాడు, చివరికి ఫోనే గార్డు చెవికి పెట్టాడు.

“బాబూ, నేను రేపల్లె నుంచి మాట్లాడుతున్నాను. తప్పు నాది. నన్ను తర్వాత ఏమైనా చేయండి, ముందు ఆ అమ్మాయిని వాకీటాకీలో పిలవండి,” అన్నాడు రామాంజి. దేవసహాయం పక్కనే నిలబడి చూస్తున్నాడు.

మూడూ ముప్పై ఎనిమిదికి మేధ నుంచి ఫోన్ వచ్చింది.

“రామాంజి గారూ, తలుపులు వేసేశారు, విమానం కదిలిందండీ. అసలు బరువు ఎంత? కచ్చితంగా చెప్పండి.”

“పెట్టెకి ముప్పై ఒకటమ్మా. పద్నాలుగు. నాలుగొందల ముప్పై నాలుగు.”

“ఎవరు రాశారు?”

“నేనే. నేనే రాశాను.”

“లైన్లో ఉండండి.”

ఆ తర్వాత ఫోన్‌లో ఏమీ వినపడలేదు. రామాంజి ఫోను చెవికి అదిమి పట్టుకున్నాడు. బస్టాండులో గుంటూరు బస్సు హారన్ కొడుతుంటే ఒళ్లు మండి, కొట్టొద్దని చెయ్యి ఊపాడు. గడియారంలో మూడు నలభై దాటింది. నలభై ఒకటి. నలభై రెండు. దేవసహాయం స్టూలు జరిపి కూర్చోమన్నాడు. రామాంజి కూర్చోలేదు.

“రన్‌వే చివరి దాకా వెళ్లి వెనక్కి తిరిగింది,” అంది మేధ. “వెనక అరలో పరిమితి మీద నూట ముప్పై కిలోలు ఎక్కువండి. ఈ ఎండలో అసలు లేవకూడదు. ఐదు పెట్టెలు దింపుతున్నాం.” తర్వాత మెల్లగా అంది. “చెప్పినందుకు థాంక్సండి.”

నాలుగున్నరకి విమానం సుఖంగా వెళ్లింది. ఐదింటికి తెనాలి నుంచి మెసేజ్ వచ్చింది. రేపు పొద్దున ఐడీ కార్డు తీసుకుని రమ్మని. దాని అర్థం రామాంజికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. కార్డు మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

దింపిన పెట్టెల్లో మంచు ఈపాటికి నీరై ఉంటుంది. దేవసహాయం తిడతాడని ఎదురుచూశాడు. అతను తిట్టలేదు.

“మా నాన్న అడవులదీవి నుంచి మీ మిల్లుకే వడ్లు తోలేవాడు బాబాయ్,” అన్నాడు. “నువ్వు బస్తాకి రెండు కిలోలు తరుగు తీసేవాడివి. వడ్లు ఎండబెట్టే తెచ్చాను కదా, ఎందుకండీ అని ఒకసారి అడిగాడంట. అది పద్ధతి అన్నావంట. మళ్లీ అడగలేదు. ఇంటికొచ్చి మా అమ్మకి చెప్పాడు, అంతే.”

కోపంగా అనలేదు. ఎప్పటి నుంచో చెప్పాలనుకున్న మాట చెప్పినట్టు అని, అతను స్కూటర్ తీశాడు.

రామాంజి ఆ రైతుని గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాడు. మొహం గుర్తు రాలేదు, గొంతు గుర్తు రాలేదు. ఇవాళ ఆ విమానం వెనక్కి తిరిగింది గానీ, ఇరవై ఏడేళ్లలో ఆ మిల్లు కాటా దిగిన ఒక్క బండినీ ఆయన వెనక్కి పిలిచింది లేదు.