చూద్దాం లెండి

మొన్న పొద్దున్న రాజమండ్రిలో మా వీధి మొదట్లో మునిసిపాలిటీ వాళ్ళు బ్లీచింగు పొడి చల్లి వెళ్ళారు. అంతకు ముందే ఒక జల్లు పడి నేలంతా తడిగా ఉంది. తడి మట్టి మీద ఆ పొడి పడగానే లేచే ఘాటు వాసన మిగతావాళ్ళకి ఏం గుర్తు చేస్తుందో తెలియదు. నాకు మాత్రం ద్రాక్షారామానికి నాలుగు మైళ్ళ దూరంలో, కాలవ గట్టు కింద ఉన్న ఒక పేట గుర్తొస్తుంది. ఆ పేటలో చేతిపంపు, పంపు చుట్టూ తెల్లగా పరిచిన పొడి, పక్కన కొంగు నడుముకి దోపుకుని నిలబడ్డ దీవెనమ్మ గారు. పాల ప్యాకెట్టు చేతిలో పట్టుకుని కాసేపు అక్కడే ఉండిపోయాను. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఆవిడ గురించి రాద్దామని చాలాసార్లు కూర్చున్నాను. రాయాలంటే నేను చేసిన పని కూడా రాయాలి. అందుకని ప్రతిసారీ లేచిపోయాను.

దీవెనమ్మ గారు ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో నర్సమ్మగా పనిచేసి రిటైరయ్యారు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ మొదట కాలినడకన, తర్వాత సైకిలు మీద తిరిగిన మనిషి. పేటలో సగం మంది తమ పుట్టినరోజు తెలియక ఆవిడ దగ్గరికి వచ్చి అడిగేవారు. ఆవిడ ఆ ఏడు వచ్చిన గాలివాననో, చర్చికి కొత్త గంట కట్టిన రోజునో ఆనవాలు పట్టుకుని లెక్క తేల్చి చెప్పేవారు. భర్త లేరు. కొడుకూ కోడలూ రొయ్యల ఫ్యాక్టరీలో పనికి వెళ్ళిపోతే మనవరాలు జ్యోతిని ఆవిడే చూసుకునేవారు.

నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. భీమవరం దగ్గర పొలాలున్న ఇంట్లో పుట్టి, ఇంగ్లీషులో ఎం.ఏ. చేసి, రెండేళ్ళు ఖాళీగా తిరిగాక ఒక స్వచ్ఛంద సంస్థలో ఉద్యోగం దొరికింది. విదేశాల నుంచి పదహారు, పదిహేడేళ్ళ పిల్లల్ని తీసుకొచ్చి, ఒక్కొక్కరిని ఒక్కో ఇంట్లో ఆరు వారాలు ఉంచి, ఊరివాళ్ళతో కలిసి ఏదో ఒక పని చేయించడం ఆ సంస్థ పద్ధతి. నా పని వీళ్ళ మాట వాళ్ళకీ, వాళ్ళ మాట వీళ్ళకీ చెప్పడం. ఆ ఏడు ఆరుగురు వచ్చారు. పేట వెనక వరసగా మరుగుదొడ్లు కట్టాలని ప్లాను. ఆ పిల్లలకి సెలవులు జూలై, ఆగస్టు నెలల్లో. మా డెల్టాలో అవి కాలవలు నిండుగా పారి, చేలల్లో నాట్లు పడే రోజులు. గునపం దిగితే నీరు తగులుతుంది. తవ్వే పనేదైనా వేసవిలో, కాలవలు కట్టేశాక చేసుకుంటారు. ఇక్కడ పుట్టినవాడిగా ఈ సంగతి నాకు తెలుసు. తెలిసీ పై వాళ్ళకి చెప్పలేదు. కొత్తగా వచ్చిన ఉద్యోగంలో మొదటి మాటే అడ్డు మాట కాకూడదనుకున్నాను.

దీవెనమ్మ గారింట్లో దిగిన అమ్మాయిది హాలండు. పేరు లోటె. ఆ పేరు వినగానే ఆవిడ నా వంక తిరిగి, “లోటానా అండీ? మంచినీళ్ళు తాగే లోటా?” అన్నారు.

“లోటా కాదండి, లోటె.”

“అదేలెండి. దాహానికి పనికొచ్చే పేరే.”

సాయంత్రానికల్లా పేటంతా ఆమెని లోటమ్మ అంది. ఏడేళ్ళ జ్యోతి ఆమెకి గురువైంది. నాలుగో రోజుకి లోటె చాలు, కొంచెం, కారం, ఇలా రా అనగలిగేది. జ్యోతి ఆమె చేత పలికించి, తప్పు పలికినప్పుడల్లా నెత్తి మీద చిన్న మొట్టికాయ వేసేది.

మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర దీవెనమ్మ గారు నన్ను పట్టుకున్నారు. మీ ఇంట్లో అంట్లు నువ్వు తోముతావా, మీ అమ్మ తోముతుందా అని ఆవిడ లోటెని అడిగారు. అతిథిని ఇలాంటి ప్రశ్న అడుగుతారా అని నాకే సిగ్గేసి, మా వంట బాగుందా అని అడుగుతున్నారని ఇంగ్లీషులో చెప్పాను. బాగుంది, కాస్త కారం అని ఆ అమ్మాయి అంది. ఇలాంటి ఆతిథ్యం తను ప్రపంచంలో ఎక్కడా చూడలేదంటోందని నేను తెలుగులో చెప్పాను. దీవెనమ్మ గారు గరిటె కింద పెట్టారు.

“నేను నాలుగు మాటలంటే మీరు రెండు చెబుతున్నారండి. ఆ పిల్ల రెండంటే ఆరు చెబుతున్నారు. ఎక్కడివండి ఆ మిగతావి? మూతి మండి నీళ్ళు తాగుతోంది, అది ప్రపంచమంతా ఎప్పుడు తిరిగొచ్చిందండి?”

నేను నవ్వేసి తప్పించుకున్నాను. నిజానికి ఆ మధ్యలో ఉండటం నాకు బాగుండేది. ఇటువాళ్ళకీ అటువాళ్ళకీ నా నోరే దిక్కు. మాటకి కాస్త మెరుగు పెడితే ఎవరికి నష్టం అనుకునేవాణ్ణి.

నష్టం రెండో వారంలో మొదలైంది. పని ఎక్కడ చెయ్యాలో తేల్చడానికి పేట చర్చి వరండాలో సమావేశం పెట్టారు. సంస్థ పెద్ద హైదరాబాదు నుంచి వచ్చాడు. గుంటలు పేట వెనక, చేతిపంపుకి పదిహేను అడుగుల్లో వస్తాయి. పేటంతా తాగేది ఆ పంపు నీళ్ళే. మీ అభిప్రాయమేమిటని పెద్ద అడిగితే అందరూ దీవెనమ్మ గారి వైపు చూశారు. ఆవిడ “చూద్దాం లెండి” అన్నారు.

గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంటికొచ్చిన మనిషి మొహం మీద కాదనలేక అనే మాట అది. దానర్థం వద్దనే. పిల్లనిచ్చేవాళ్ళూ, పొలం కొనేవాళ్ళూ ఆ మాట వింటే లేచి చెప్పులేసుకుంటారు. నేను దాన్ని ఇంగ్లీషులోకి మాటకు మాట మార్చాను. చూద్దాం అంటున్నారన్నాను. చోటు చూపిస్తామంటున్నారు కాబోలనుకుని పెద్ద సంతోషంగా లేచాడు. పిల్లలు సంచులు తగిలించుకున్నారు. అందరూ కలిసి పేట వెనక్కి నడిచారు. దీవెనమ్మ గారు నా వంక ఒకసారి చూసి వెంట వచ్చారు.

అక్కడ మాత్రం ఆవిడ మొహమాటం పక్కన పెట్టారు. “ఇక్కడ మూరెడు తవ్వితే నీరండి. పంపు అదిగో. వానకి గుంట పొంగితే ఎక్కడికి పోతుందండి ఆ నీరు? వేసవి దాకా ఆగండి, లేదంటే మెరక చేసి కట్టండి. ఈ మాట వాళ్ళకి చెప్పండి.” లోటె ఆవిడ చెయ్యి చూపించిన వైపు చూసి, ఏమంటున్నారని నన్ను అడిగింది. పని జాగ్రత్తగా చెయ్యమంటున్నారని చెప్పాను.

పేటవాళ్ళు ఒప్పుకున్నట్టు కాయితం తయారైంది. ఆ సంగతి తెలిసి ఆవిడ నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నేనెప్పుడు ఒప్పుకున్నానండీ అని అడిగారు. ప్లాను పై నుంచి వచ్చిందండి, ఇప్పుడు ఆగదు అన్నాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. ఆ సాయంత్రం నుంచి పేటలో ఇల్లిల్లూ తిరిగి, పంపు నీళ్ళు కాచుకుని తాగమని చెప్పడం మొదలుపెట్టారు.

గుంటలు మూడడుగులు దిగేసరికి ఊట వచ్చింది. లోటె మోకాళ్ళ దాకా బురదలో నిలబడి, ఇందులో నీళ్ళున్నాయి కదా, మా ఊళ్ళో అయితే అని ఏదో చెప్పబోయింది. ఇక్కడ ఇలాగే ఉంటుంది, మేస్త్రికి తెలుసు అని తుంచేశాను. సిమెంటు ఒరలు దింపారు. గోడలు లేచాయి. పిల్లలు వాటికి నీలం రంగు వేశారు. వాడకం మొదలైన వారానికి వాయుగుండం పట్టి మూడు రోజులు ఎడతెగకుండా కురిసింది. గుంటలు పొంగి ఆ నీరు పంపు గట్టు ఎక్కింది. దీవెనమ్మ గారు పంపు చుట్టూ బ్లీచింగు పొడి చల్లించారు.

నలుగురికి వాంతులూ విరేచనాలూ పట్టుకున్నాయి. వాళ్ళలో జ్యోతి ఒకతె. మామ్మ ఎంత చెప్పినా ఆటలో దాహమేసి పంపు కింద దోసిలి పట్టిందట. రామచంద్రపురం ఆసుపత్రిలో సెలైను పెట్టారు. రెండు రోజులు ఆ పిల్ల కళ్ళు తెరిచి చూడలేదు. మూడో రోజు మధ్యాహ్నం గండం గడిచిందని డాక్టరు చెప్పాక, అప్పటిదాకా మంచం పక్కన కదలకుండా కూర్చున్న లోటె లేచి వరండాలోకి వచ్చింది. దీవెనమ్మ గారి ఎదుట నిలబడి, నన్ను చెప్పమని, ఒక్కొక్క మాటే అడిగింది. ఇలా అవుతుందని మీకు తెలుసా? తెలిస్తే మాకు ముందే ఎందుకు చెప్పలేదు?

ఆ మాటని ఇంకోలా మార్చడానికి నాకు ఏమీ తోచలేదు. ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పాను. చెప్పి, నేల చూస్తూ నిలబడ్డాను. ఆవిడకి నర్సు చదువులో వచ్చిన ఇంగ్లీషు కొంత ఉంది, మాట్లాడేంత కాకపోయినా వింటే పోల్చుకునేంత. ఆ అమ్మాయి అడిగింది నేను చెప్పకముందే సగం అర్థమై ఉంటుంది. నా వైపు వేలు చూపిస్తే సరిపోయేది.

“మొహమాటపడ్డానని చెప్పు,” అన్నారు. “చెప్పాల్సింది, చెప్పలేదు, తప్పు నాదేనని చెప్పు.”

అప్పటిదాకా ఆవిడ నన్ను మీరు అనే అన్నారు, ప్రతి మాటకీ అండి తగిలించే అన్నారు. ఆ రోజే మొదటిసారి నువ్వు అన్నారు. నేను ఆవిడ అన్నది అన్నట్టే ఇంగ్లీషులో చెప్పాను. ఆ ఆరు వారాల్లో ఆవిడ చెప్పమన్న మాటని ఒక్క ముక్క కలపకుండా, ఒక్క ముక్క తియ్యకుండా నేను చెప్పింది ఆ ఒక్కసారే. లోటె ఆవిడ మొహంలోకి కాసేపు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆసుపత్రి కుళాయి దగ్గర ఆవిడ చెంబు కడుగుతుంటే వెళ్ళి నిలబడ్డాను. ఏదో అనబోయాను. ఆవిడ తలెత్తలేదు.

“నీకోసం అనలేదు. ఇంకా పన్నెండు రోజులు ఆ పిల్ల ఇక్కడుండాలి. ఒంట్లో బాగోకపోయినా, ఇంటి మీద బెంగొచ్చినా నీ నోటితోనే చెప్పుకోవాలి. ఆ నోటి మీద నమ్మకం పోతే అదెవరి దగ్గరికి పోద్ది? నా మీద కోపమంటావా, పెద్దదాన్ని, ఓర్చుకుంటాను.” చెంబు బోర్లించి అప్పుడు నా వంక చూశారు. “అది విమానం ఎక్కాక నిజం రాయి. నువ్వే రాయాలి.”

అలాగేనండి అన్నాను.

మిగిలిన రోజులు లోటె ఆ ఇంట్లోనే ఉంది, తల వంచుకుని తింది, జ్యోతిని ఒళ్ళో పడుకోబెట్టుకుంది, దీవెనమ్మ గారితో అవసరానికి మించి మాట్లాడలేదు. ఊరు విడిచే రోజున వ్యాను ఎక్కుతూ ఆవిడతో “వెళ్తాను” అంది. అలా అనకూడదని, వెళ్ళొస్తాను అనాలని జ్యోతి ఆమెకి ఎప్పుడో నేర్పింది. తేడా ఆమెకి తెలుసు.

నేను ఉద్యోగం మానేశాను. ఉత్తరం మాత్రం రాయలేదు. ఇవాళ కాదు రేపు అనుకున్నాను. ఇప్పుడు రాస్తే పాత గాయం కెలికినట్టవుతుందని నాకు నేనే చెప్పుకున్నాను. మరుసటి వేసవిలో కాలవలు కట్టేశాక దీవెనమ్మ గారు కబురు పంపారు. ఆ గుంటలు పూడ్చి, చర్చి అవతల కొత్త మరుగుదొడ్ల కోసం మట్టి పోసి మెరక చేస్తున్నారు. వెళ్తే నా చేతికి తట్ట ఇచ్చారు. పదకొండు రోజులు పేటవాళ్ళతో కలిసి మట్టి మోశాను. మా ఇంట్లో ఎవరూ అలాంటి పని చెయ్యలేదు. నా వెనక ఆడవాళ్ళు నవ్వుకుంటుంటే ఆవిడ కసిరారు. “నవ్వకండర్రా, బాబు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాడు” అని ఆవిడే నవ్వారు.

తర్వాత ఎప్పుడు వెళ్ళినా ఒకటే అడిగేవారు, లోటమ్మ కబురేమన్నా వచ్చిందా అని. రాశావా అని అడిగేవారు కాదు. రాలేదండి అనేవాణ్ణి. అది అబద్ధం కాదు. చర్చి వరండాలో నేను చెప్పిన మాటా అలాగే అబద్ధం కాదు. నాలుగేళ్ళు ఇలా గడిచింది. ఒకరోజు జ్యోతి, అప్పటికి పదకొండేళ్ళది, నన్ను వాకిట్లో ఆపి అడిగింది. “లోటక్కకి మామ్మంటే కోపమటగా? మామ్మ ఏం చేసిందండి?” లోపల్నుంచి దీవెనమ్మ గారు, నీ పని చూసుకోవే అని కేకేశారు. ఆ పిల్లకి కూడా ఆవిడ చెప్పలేదు. తన మనవరాలి దగ్గర కూడా నా తప్పు తన మీద వేసుకుని కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నమే బస్టాండులో కూర్చుని ఫోనులో అంతా రాసి లోటెకి పంపాను. చూద్దాం లెండి అంటే ఏమిటో, పేట వెనక ఆవిడ ఏమన్నారో, ఆసుపత్రిలో ఆవిడ ఎందుకలా చెప్పారో. రెండు రోజులకి లోటె జవాబు వచ్చింది. నన్ను ఒక్క మాట అనలేదు. మా ఇల్లున్న చోటు సముద్రం కంటే పల్లం, మేం కూడా తవ్వితే నీళ్ళే, ఆ ఒక్క మాట నాకు చెప్పి ఉంటే అర్థమయ్యేది అని రాసింది. ఆవిడతో మాట్లాడాలంది.

ఆదివారం చర్చి అయ్యాక వీడియో కలిపి, ఫోను దీవెనమ్మ గారికి ఇచ్చాను. అలవాటు కొద్దీ పక్కన కుర్చీ లాక్కున్నాను. ఆవిడ తెర మీద ఆ మొహాన్ని చూసి, కళ్ళజోడు తుడుచుకుని, నా వైపు తిరిగారు.

“నువ్వు బయట కూర్చో నాయనా.”

“మరి మాట చెప్పేదెవరండి?”

“మాకొచ్చిన నాలుగు ముక్కలూ మాకు చాలు.”

వాకిట్లోకి వచ్చి కూర్చున్నాను. లోపల గొంతులు వినపడుతున్నాయి, మాటలు తెలియడం లేదు. ఎవరో ముక్కు చీదారు. తర్వాత జ్యోతి నవ్వు. కిటికీ నాలుగడుగుల్లోనే ఉంది. లేవలేదు. అరగంట తర్వాత ఆవిడ బయటికి వచ్చి ఫోను నా చేతిలో పెట్టి, అన్నం తిని వెళ్ళమన్నారు. ఏమన్నారో చెప్పలేదు, నేను అడగలేదు.

ఇప్పటికీ నా బతుకు ఇద్దరి మధ్య మాట చెప్పడంతోనే గడుస్తోంది. ఆక్వా కంపెనీలకి వచ్చే విదేశీ కొనుగోలుదార్లకీ, చెరువుల రైతులకీ మధ్య కూర్చుంటాను. ఒక రైతు “అలాగే చేద్దామండి” అంటే, ఇటు తిరిగి చెప్పేముందు ఆయన్నే అడుగుతాను, మీరు ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా అని. మొహమాటపెడుతున్నానని కొందరు విసుక్కుంటారు. ఒక్కోసారి వాళ్ళిద్దరే చేతులు చూపించుకుంటూ, వచ్చీరాని ముక్కలతో తంటాలు పడుతూ, మధ్యలో నన్ను మరిచిపోతారు. అప్పుడు నోరు మూసుకుని ఊరుకోవడం నాకు ఇంకా కష్టంగానే ఉంటుంది. అయినా కుర్చీ వెనక్కి జరుపుకుంటాను.