ఈగబంక

జడ్చర్లకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణమంత దూరంలో ఉన్న ఊరది. అక్కడ కురుమ బీరమ్మ ఇంటి చూరుకు ఒక రేకు డబ్బా వేలాడుతుండేది. అందులో ఉండేది ఈగబంక. చెట్ల తొర్రల్లో, రాళ్ల సందుల్లో కాపురముండే కుట్టని చిన్న తేనెటీగలు తమ గూటి గుమ్మానికి పూసుకునే నల్లటి జిగురు అది. బీరమ్మ పెనిమిటి గుర్వయ్య గొర్ల వెంట గుట్టలు తిరుగుతూ దాన్ని గీకి తెచ్చేవాడు. గుమ్మం బయటిదే తప్ప లోపలిది ముట్టేవాడు కాదు. ముందుగా చిటికెడు పసుపు చల్లి, "మీ ఇల్లు మీకే తల్లీ, గడపకాడిది జరంత మాకియ్యిండ్రి" అని దండం పెట్టుకునేవాడు.

ఒకసారి ఒక గూట్లో చచ్చిన పురుగు కనిపించింది. ఈగలు దాన్ని బయటికి మోయలేక నిలువునా బంక పూసేశాయి. ఎన్నాళ్లదో గాని కుళ్లలేదు, వాసన లేదు.

"సూసినవానే? సచ్చినదాన్నే కుళ్లనియ్యలే. బతికినోళ్ల పుండు మానదా?" అన్నాడు గుర్వయ్య ఇంటికొచ్చి.

ఆనాటితో బీరమ్మకు బంక మీద గురి కుదిరింది. ఆముదంలో వేసి వెచ్చచేసి మడమ పగుళ్లకు, పిల్లల దోక్కుపోయిన మోకాళ్లకు, ఎవరడిగినా ఇచ్చేది. కొందరికి తొందరగా మానేది, కొందరికి మానేది కాదు. మాననివాళ్లు కూడా ఆమె చేయి చల్లనిదనే చెప్పుకునేవారు.

గొర్లకు బొచ్చు కత్తిరించే రోజుల్లో ఆ డబ్బా చూరు దిగేది. కత్తెర జారి గొర్రె తోలు గీరుకుపోతే బీరమ్మ వెంటనే బంక అద్ది మూసేది. ఇక ఈగ వాలదు, పురుగు పట్టదు.

పంతొమ్మిది వందల యాభై ఎనిమిదిలో అనుకుంటా, గొర్ల దొడ్లో బొచ్చు కత్తిరిస్తుంటే పొట్టేలు తన్నింది. గుర్వయ్య చేతిలోని కత్తెర జారి, దాని మొన ఆయన పాదంలోనే దిగబడింది. తమ్ముడు ఐలేశం దాన్ని లాగేశాడు.

"వదినా, బండి కట్టనా? దవాఖానకు పోదాం."

"గింతదానికి బండెందుకయ్యా? నెత్తురు గూడ సరిగ్గ రాలే."

గాయం మూతి చిన్నదని ఆమె సంబరపడింది. అది ఎంత లోతో చూడలేదు. గొర్రెకు పూసినట్టే వెచ్చటి బంక పూసి మూసేసింది.

"గొర్రెకొక్కసారి పూస్తవ్ గద. నాకు రొండుసార్లు పూయే" అన్నాడు గుర్వయ్య పళ్లు బిగపట్టి నవ్వుతూ.

"నువ్వు గొర్రెకన్న మొండోనివి మావా. మూడుసార్లు పూస్త."

పైన గాయం చక్కగా ఎండింది. కులదేవుడు బీరప్ప దయ అని ఆమె దీపం పెట్టింది. వారం తిరిగేలోపు ఒకనాడు గుర్వయ్య రొట్టె తుంచి నోటిదాకా తెచ్చి, కింద పెట్టేశాడు.

"నోరు తెరవస్తలేదే" అన్నాడు.

సాయంత్రానికి వీపు విల్లులా వంగింది. బండి కట్టారు. దవాఖానలో పక్కమంచం రోగి తల్లి, ఎవరో ఏమో, తన కొంగు తడిపి గుర్వయ్య పెదవులు తుడిచింది. ముసలి డాక్టరు బీరమ్మను కసరలేదు. "పైపై గీరకు మీ బంక పనికొస్తదేమోనమ్మా. లోతుగ దిగినదాని మూతి మాత్రం మూయొద్దు. దొడ్లో మురికి లోపల్నే ఉండిపోయింది. ధనుర్వాతం ఇది" అన్నాడు మెల్లగా.

గుర్వయ్య ఆమెతో ఒక్కమాటైనా చెప్పలేకపోయాడు. దవడలు విడలేదు. కళ్లు మాత్రం ప్రాణం పోయేదాకా ఆమె వెంటే తిరిగాయి.

బీరమ్మ డబ్బా మూత మళ్లీ తీయలేదు. అన్నం మీద ధ్యాస పోయింది. కూలికి పోయే మారెమ్మ పొద్దున్నే అంబలి ముంత పట్టుకొచ్చి గడపలో కూర్చునేది. "నువ్వు తాగితేనే నేను పనికి పోతక్కా. నా కూలి పోగొడ్తవా?" అని బెదిరించేది.

ఆ మారెమ్మ కాల్లోనే ఒకనాడు తుమ్మముల్లు లోతుగా దిగి విరిగింది. "జర బంక పెట్టక్కా" అంటూ కుంటుకుంటూ వచ్చింది.

"వద్దు చెల్లే. నీ కాలు నేను మూయ" అంది బీరమ్మ. నీళ్లతో కడిగి, ఐలేశం బండి మీద జడ్చర్లకు తీసుకుపోయింది. డాక్టరు ముల్లు తీసి సూది పొడిచాడు.

"గీ సూదికన్న ముల్లే నయముండె గదక్కా!" అంది మారెమ్మ తిరుగుదారిలో.

బీరమ్మ నవ్వబోయింది. నవ్వు ఏడుపైంది. "గీ బుద్ధి నాకు గా దినం లేకపాయె గదే!"

మళ్లీ బొచ్చు కత్తిరింపు వచ్చింది. ఐలేశం కత్తెర ఒక గొర్రె పక్కటెముకల మీద గీసుకుపోయింది.

"వదినా, ఈగలు ముసుర్తున్నయ్. పైపైదే, లోతు లేదు."

బీరమ్మ వంగి గాయం లోతు వేలితో చూసింది. గొర్రె అరిచింది. చివరికి లేచి డబ్బా దించింది. అడుగున ఒక్క ముద్ద మిగిలి ఉంది. తొర్ర దగ్గర గుర్వయ్య నలిపిన ముద్ద, ఆయన బొటనవేలు దిగిన గుంట దాని మీద అలాగే ఉంది. ఆ గుంటలో తన వేలు పెట్టి చూసింది. ఇంకా జాగా మిగిలింది.

తరువాత ముద్దను రెండు అరచేతుల నడుమ పెట్టుకుంది. బంక మెత్తబడాలంటే వెచ్చచేయక తప్పదు. మెల్లమెల్లగా గుంట పూడిపోయింది. ఆమె గొర్రె పక్కన మోకాళ్ల మీద కూర్చుని, గాయం లోతు వేలితో మరోసారి చూసుకుని, పూసింది.