ఫువాతినో పేరున వచ్చిన బుట్ట

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, పాస్టరుగారింట్లో అందరం కలిసి తినే భోజనానికి ఎవరింటి నుంచి ఏమొచ్చిందో వాకిట్లో నిలబడి కేకవేసి చెప్పే వంతు నాది. మా సవాయీ దీవిలో ఇచ్చిన వస్తువు ఊరంతటికీ వినిపించాలి. గొణిగితే ఇచ్చినవాళ్ళకు అవమానం. అందుకని చేతిలోని చీటీ చూసి, "నర్సు ఫువాతినోగారి ఇంటి నుంచి టర్కీ కోడి తోకలు, ఒక బుట్ట" అని సముద్రం దాకా వినపడేట్టు అరిచాను. చాపల మీద కూర్చున్నవాళ్ళ చేతుల్లో విసనకర్రలు ఆగిపోయాయి.

ఎందుకంటే ఆ తోకల్ని దేశం నుంచి తరిమినవాళ్ళలో ముందు నిలబడింది ఫువాతినోయే. పరాయి దేశాలవాళ్ళు తాము తినకుండా కోసి పక్కన పడేసే కొవ్వు ముక్క అది. మాకు మాత్రం ప్రాణం. ముప్పై ఏళ్ళుగా చక్కెర జబ్బు కాళ్ళకు కట్లు కట్టి విసిగిపోయి, ఊరి ఆడవాళ్ళను వెంటేసుకుని ఆమె రాజధాని అపియాలో ఆఫీసుల చుట్టూ తిరిగింది. నిషేధం వచ్చింది, ఐదేళ్ళు నిలిచింది. అప్పటికే రెండు కాలివేళ్ళు పోగొట్టుకున్న ఆమె భర్త లాఫాయెలే, ఆ ఐదేళ్ళూ మిగతావి కాపాడుకున్నాడు.

తర్వాత దేశం ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరబోయింది. బేరానికి వెళ్ళిన బృందంలో కాగితాలు మోసే చిన్న ఉద్యోగి సెఫో, ఆమె చేతుల్లో పెరిగిన మేనల్లుడు. "తోకల సంగతి నాకొదిలెయ్యత్తా" అని మాటిచ్చి జెనీవా విమానం ఎక్కాడు. తిరిగొచ్చి, "తోక వద్దంటే మనమూ వద్దన్నారత్తా, నిషేధం ఎత్తెయ్యాల్సొచ్చింది" అన్నాడు.

"నువ్వు లేచి ఒక్క మాటన్నావా?"

"నన్నెవరూ అడగలేదు."

"వెళ్ళేముందు నేనడిగాను కదరా."

ఆ నెలలోనే లాఫాయెలే మూడో వేలికి పుండు పడింది. ముదిరితే పాదమే తీసెయ్యాలన్నారు.

అత్త కోపం చల్లారుతుందని, దుకాణంలోకి మళ్ళీ వచ్చిన మొదటి సరుకు సెఫోయే కొన్నాడు. పాస్టరుగారి రాళ్ళ పొయ్యిలో కాల్పించి, పెంచిన ఇంటికి గొప్ప దక్కాలని ఆమె పేరు చీటీ మీద రాసి నాకిచ్చాడు. చామదుంపలు అని అరిచి ఊరుకోవచ్చు కదా అన్న ఆలోచన నాకు రాకపోలేదు. అయితే అది మూడో తోక తింటున్నప్పుడు వచ్చింది.

పాస్టరుగారి ముందు ఆ బుట్ట తనది కాదనడం మర్యాద కాదు. ఫువాతినో వీపు నిటారుగా పెట్టుకుని కూర్చుంది. లాఫాయెలే ఆమెవైపు చూడకుండా నాలుగు తిన్నాడు. "ఊరంతా విన్నాక తినకపోతే నీ పరువే పోతుంది" అన్నాడు, వేళ్ళు నాకుతూ.

ఇంటిదారిలో సెఫో వెనకాలే వచ్చాడు. "నీ పేరు అంత గట్టిగా చెప్పించానా, ఒక్క మంచి మాటైనా అనలేదేంటత్తా?"

ఫువాతినో నడక ఆపలేదు. "పొద్దున్నే వచ్చి మీ మామయ్య కాలి కట్టు విప్పు నాయనా, మంచి మాట ఏదైనా వస్తుందేమో ఇద్దరం చూద్దాం."