పిన్నత్త ఇచ్చిన డీజిల్ డబ్బులు

నిన్న పొద్దున ఇద్దరు మనుషులు పక్కింటి ముందు బైకు ఆపి, ఆ ఇంటాయనను పేరు పెట్టి పిలిచి, వీధంతా వినేలా అప్పు కంతుల గురించి అడుగుతుంటే, నేను చేతిలోని చేట కింద పెట్టి వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. నన్ను చూసి వాళ్లు గొంతు తగ్గించారు. ఆ బాధ మేమూ పడ్డాం.

అప్పట్లో మాకు డోన్ బజారులో బట్టల అంగడి ఉండేది. మా మరిది ఫైనాన్సులో కారు తీసుకున్న కొత్తలో, మా అత్తగారి చెల్లెలు ఆదోని నుంచి వస్తే, ఆ పిన్నత్తను అహోబిలం దర్శనానికి తీసుకుపోయాడు. తిరుగుదారిలో లారీ అడ్డంగా వచ్చి గుద్దడంతో కారు తుక్కయింది, మరిది కాలు విరిగింది. ప్రాణాలు దక్కాయి, కారుకు ఇన్సూరెన్సు ఉంది కదా అనుకున్నాం.

విచారణకని ఇన్సూరెన్సు కంపెనీ పంపిన మనిషి మా ఇంట్లో మజ్జిగ తాగి, పిన్నత్త పక్కన కూర్చుని కన్నకొడుకులా ముచ్చట్లు పెట్టి, లేచేముందు ప్రయాణానికి మీరేమైనా ఇచ్చారా అమ్మా అని అడిగాడు. దాచుకోవడం ఎరగని మనిషి ఆమె.

"డీజిల్‌కని దుడ్లిచ్చినా నాయనా, పిల్లోనికి శానా ఖర్చవుతాదని" అంది.

ఆ ఒక్క మాట పట్టుకుని, సొంత కారును బాడుగకు తిప్పారని రాసి, అట్లా తిప్పితే ఇన్సూరెన్సు రాదని క్లెయిము కొట్టేశారు.

మంచం పట్టిన మరిది కంతులు కట్టలేకపోయాడు. ఫైనాన్సువాళ్లు పంపిన మనుషులు, మా అంగట్లో ఆడవాళ్లు చీరలు చూసుకునే పరుపు మీద చెప్పుల కాళ్లతో కూర్చునేవాళ్లు. ఇన్సూరెన్సు తగవు తేలేదాకా ఆగమని మా ఆయన బతిమాలితే, ఆ తగవుతో మాకేం పని, కంతు కట్టండి అనేవాళ్లు. అదంతా ఓర్చుకున్నాను. కానీ వాళ్లు ఆ తగవు సంగతి విని, లోను కాగితాల్లో తెలిసినవాళ్లదని మరిది రాసిచ్చిన నంబరుతో పిన్నత్తకు ఫోను చేసి, నీ నోటి వల్లే ఇదంతా, పోలీసులు నీ ఇంటికే వస్తారని బెదిరించారు. ఆమె అన్నం మానేసిందని తెలిసిన రోజు నా కళ్లకు ఏమీ కనబడలేదు. మళ్లీ వాళ్లు అంగడికి రాగానే ఎదురుగా పోయి నిలబడ్డాను.

"ముసల్దాన్ని బెదిరిచ్చింది యెవరప్పా మీలో? పదండి స్టేషన్‌కు, నేనూ వస్తా" అన్నాను.

బజారంతా మూగింది. వాళ్లు వెనక్కి తిరిగి పోయారు. ఫోన్లు మాత్రం ఆగలేదు.

కర్నూలులో వినియోగదారుల ఫోరానికి ఎక్కాం. అక్కడ కంపెనీ వకీలు బాడుగ ఎంతిచ్చావని అడిగితే, పిన్నత్త లేచి నిలబడింది.

"బాడిగ యాడిదప్పా? వాడు మా అక్క కొడుకు. పుట్టినప్పుడు నీళ్లు పోసింది నేను. మీ ఇండ్లల్లో పెద్దోళ్లు చేతిలో దుడ్లు పెడితే బాడిగంటారా?"

తీర్పు మాకే వచ్చింది. వచ్చిన సొమ్మంతా వడ్డీల కింద, జరిమానాల కింద ఫైనాన్సువాళ్లకే పోయింది. మరిది ఇప్పటికీ కుంటుతూనే నడుస్తాడు. తప్పయిందని మాతో ఒక్కరూ అనలేదు.

పిన్నత్త ఆ తర్వాత ఎక్కువ కాలం బతకలేదు. ఉన్నన్నాళ్లూ, పిల్లలు ప్రయాణమవుతుంటే బొడ్డు సంచిలో చెయ్యి పెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు వెనక్కి తీసుకునేది. అది చూసినప్పుడల్లా నా కడుపు మండేది, ఇప్పుడు రాస్తున్నా మండుతూనే ఉంది. మన కాలంలో గడప తొక్కినవాళ్లు ఎవరైనా సరే, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, అడగకపోయినా ఇంటి సంగతులన్నీ చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు కొత్తవాళ్లు వచ్చి ఏమడిగినా మా మనవరాలు తలుపు సందులోంచే మాకు తెలీదు అంటుంది. అట్లా అనమని నేర్పింది నేనే.